చెప్పులకు మట్టి అంటలేదు

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల సభలో, నేరం జరిగిన చోట ఆధారాలు సేకరించే పోలీసు క్లూస్ టీమ్‌లో పనిచేసి రిటైరైన అధికారి ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కింద కూర్చోండి, ఫరవాలేదు. నేను చెప్పేదానిలో సగం చేతులతో చూపించేదే. దూరం నుంచి కనబడదు.

ఇవాళ ఫిబ్రవరి 28. 1928లో ఇదే రోజు రామన్ ఎఫెక్ట్ బయటపడింది. దానికి ఏడేళ్ల ముందు జరిగిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. 1921లో సి.వి. రామన్ గారు ఓడ మీద ఇంగ్లండ్ నుంచి తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలం రంగు చూశారు. సముద్రం నీలంగా ఎందుకుంది అన్నదానికి అప్పటికే జవాబు సిద్ధంగా ఉంది. ఆకాశం నీలమే నీళ్లలో కనబడుతోందని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ అంతటివాడు చెప్పాడు. రామన్ గారి దగ్గర నికల్ ప్రిజం అనే చిన్న స్ఫటిక పరికరం ఉంది. నీటి పైనుంచి తిరిగివచ్చే వెలుగును దాంతో ఆపేసి చూశారు. ఆకాశం నీడే అయితే నీలం మాయం కావాలి. కాలేదు. ఆ ఓడలో ఎంతమంది అదే నీళ్లను చూసి ఉంటారు! జవాబు ముందే తెలుసు కాబట్టి ఎవరూ మళ్లీ చూడలేదు.

నా ఉద్యోగమంతా ఇదే పని. సముద్రం బదులు తాళం పగిలిన బీరువా, పత్తి చేను, బావి గట్టు. అక్కడికి మేం వెళ్లేసరికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. వాకిట్లో నిలబడ్డ యాభై మందీ అదే మాట చెబుతుంటారు.

ముందు ఒక చిన్న పని చేద్దాం. జేబులో వంద నోటు ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. నోటు మాత్రం బయటికి తీయొద్దు. ఊదారంగు కొత్త నోటు, 2018లో వచ్చింది. దాని వెనక ఏ కట్టడం బొమ్మ ఉంది? ఎర్రకోటా? కాదమ్మా, అది ఐదు వందలది. సాంచీ స్తూపం రెండు వందలది. చార్మినార్ అన్నదెవరు? ఇప్పుడు తీసి చూడండి. రాణీ కీ వావ్. గుజరాత్‌లో పాటన్ అనే ఊళ్లో ఉన్న మెట్ల బావి. మన శివనగర్‌లో ఉన్న కాకతీయుల మెట్ల బావి లాంటిదే. వరంగల్ పిల్లలు, మెట్ల బావి ఉన్న ఊరి పిల్లలు, ఇన్నేళ్లు జేబులో ఇంకో మెట్ల బావి పెట్టుకుని తిరిగారు.

మీ తప్పేం లేదు. నోటు చూసినప్పుడు మీకు కావాల్సింది అంకె. అంకె దొరకగానే మెదడు తలుపు వేసేస్తుంది. మామూలు బతుకులో అది మేలే చేస్తుంది. అలా వేయకపోతే హనుమకొండ చౌరస్తాలో రోడ్డు దాటలేం.

చదువుకున్నవాళ్లకు, అనుభవం ఉన్నవాళ్లకు ఇలా కాదనుకుంటాం. 2013లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో చిన్న చిన్న గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. చివరి స్కాన్‌లో ఒక గొరిల్లా బొమ్మ అతికించారు. వాళ్లు వెతుకుతున్న గడ్డ కంటే అది 48 రెట్లు పెద్దది. 24 మందిలో 20 మంది దాన్ని చూడలేదు. వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో పరికరంతో రికార్డు చేస్తే ఇంకో సంగతి తేలింది. చూడనివాళ్లలో చాలామంది చూపు సరిగ్గా ఆ గొరిల్లా మీదే ఆగింది. కన్ను అక్కడికి వెళ్లింది, మనసు వెళ్లలేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. ఊరి పేరు చెప్పను, ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పల్లె. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి నుంచి వచ్చింది కదా, అంతకు చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు త్రీఫేజ్ కరెంటు వంతుల వారీగా వచ్చేది. రాత్రి వంతు వస్తే రైతు అర్ధరాత్రి లేచి టార్చి పట్టుకుని బావి దగ్గరికి పోవాలి. బతుకమ్మ పండుగకు ముందు రోజులు. రాత్రి వాన పడింది. పొద్దున్నే ఒక రైతు తన బావిలో శవమై తేలాడు.

మేం వెళ్లేసరికి ఎనిమిదిన్నర. గట్టు మీద జనం. పత్తికి తెచ్చిన అప్పుంది, మొన్ననే షావుకారితో మాటామాటా అయిందట. "ఇంకేముంది సారూ, బాయిల దునికిండు" అన్నారు అందరూ. పంచనామా రాయడానికి వచ్చిన పెద్దమనుషులు కూడా అదే మాట మీద ఉన్నారు. సంతకాలు పెట్టడమే మిగిలింది.

గట్టు అంచున ఒక జత చెప్పులు ఉన్నాయి. రబ్బరు చెప్పులు, నీలం పట్టీలు, కుడి మడమ దగ్గర బాగా అరిగినవి. పక్కపక్కన పెట్టి ఉన్నాయి. నేను వంగి, ముట్టుకోకుండా, తల నేలకు ఆనించి వాటి అడుగు చూశాను. ఒక్క రవ్వ మట్టి లేదు. ఊరి నుంచి ఆ బావికి అర కిలోమీటరు, అంతా నల్లరేగడి. వాన పడ్డ రేగడిలో నడిచినవాళ్లకు తెలుసు, పది అడుగులు వేస్తే ఒక్కో చెప్పుకు శేరు మట్టి అంటుకుంటుంది. నా బూట్లు చూసుకున్నాను, ఇటుకల్లా ఉన్నాయి. చెప్పులు మాత్రం కడిగినంత శుభ్రంగా ఉన్నాయి.

ఆ చెప్పులు వేసుకుని అతను అక్కడికి నడిచి రాలేదు. మరెవరో తెచ్చి పెట్టారు. ఆత్మహత్యలా కనబడాలని పెట్టారు. ఇది హత్య. నా ఒళ్లు జలదరించింది. ఊరంతా ఒక మాట అంటుంటే నా ఒక్కడికి నిజం దొరికిందని లోపల్లోపల పొంగిపోయాను కూడా.

ఇక్కడ ఆపుతాను. దీని సంగతి చివర్లో చెబుతాను. మీరు ఈలోపు ఆ చెప్పుల గురించి ఆలోచిస్తూ ఉండండి.

మా విద్యకు మూలపురుషుడు అనదగ్గవాడు ఎడ్మండ్ లొకార్డ్. ఫ్రాన్స్‌లో లియోన్ నగరంలో 1910లో పోలీసు ల్యాబ్ మొదలుపెట్టాడు. రెండు వస్తువులు తాకితే ఒకదాని నుంచి ఇంకోదానికి ఏదో ఒకటి అంటుకుంటుంది అన్నది ఆయన సూత్రం. దొంగనాణేల కేసులో అనుమానితుల బట్టల దుమ్ము దులిపి, అందులో ఆ నాణేల లోహపు పొడి పట్టుకున్నాడు. దుమ్ము చూసి మనిషి చేసే పని చెప్పొచ్చు అనేవాడు.

ఆయన మన ప్రాంతంలో పుట్టి ఉంటే ఎంత సంబరపడేవాడో అనుకుంటాను. సిరిసిల్ల మరమగ్గం మీద పనిచేసే అన్న చొక్కా మీద నూలు పీచు ఉంటుంది. గోదావరిఖని కార్మికుడు ఎంత రుద్దుకుని స్నానం చేసినా గోళ్ల కింద బొగ్గు పొడి మిగులుతుంది. నిజామాబాద్ యార్డులో పసుపు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు, కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి. బీడీలు చుట్టే అక్కల చేతివేళ్ల మీద పొగాకు మరక. బండి టైరుకు అంటింది ఎర్ర చల్కనా, నల్లరేగడా అని చూస్తే ఆ బండి ఏ వైపు నుంచి వచ్చిందో కొంత తెలుస్తుంది. ఇవన్నీ మీకు తెలిసినవే. వీటిని సాక్ష్యంగా చూడటం ఒక్కటే కొత్త.

ముగ్గు సంగతి చెబుతాను. ఒక చిన్న పట్టణంలో ఇంట్లో దొంగతనం. ధనుర్మాసం. కోడలు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వాకిట్లో నీళ్లు చల్లి పెద్ద ముగ్గు వేసింది. లోపలికి వెళ్లి చూస్తే వెనక గదిలో బీరువా తెరిచి ఉంది. గోల. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. మేం వెళ్లేసరికి వాకిలంతా తొక్కుడే, ఒక్కచోట తప్ప. ఆ చోట ఒక గంప బోర్లించి ఉంది. పక్కనే అరుగు మీద అత్తగారు కూర్చుంది. డెబ్బై ఏళ్ల మనిషి, అక్షరం ముక్క రాదు. గంప ఎందుకు పెట్టావమ్మా అంటే, "కోడలేసిన ముగ్గును మా ఇంట్ల ఎవ్వలూ తొక్కరు బిడ్డా. గిది ఎవడో తొక్కిండు. మీరొచ్చి సూసేదాంక ఉండాలె గద" అంది.

గంప ఎత్తాను. ముగ్గు రేకు ఒకటి చెదిరి ఉంది. బూటు ముందు భాగం అచ్చు, నీళ్లు చల్లిన తడి మట్టిలో చక్కగా దిగింది. పిండి వీధి వైపు జారి ఉంది. అంటే మనిషి లోపలి నుంచి బయటికి పోయాడు. అచ్చు ముగ్గు మీద పడింది, ముగ్గు అచ్చు మీద పడలేదు. అంటే ఆమె ముగ్గు వేసిన తర్వాతే పోయాడు. మరి లోపలికి ఎప్పుడు వచ్చాడు? ఆ అమ్మాయి వంగి చుక్కలు పెడుతున్నంతసేపూ వాడు ఇంట్లోనే, తలుపు వెనక ఎక్కడో ఉన్నాడు. ఈ మాట ఆమెకు చెప్పినప్పుడు అక్కడే కూలబడింది. రేకు మీద ఒక చెదురు, అంతే. ఎన్ని గంటలకు, ఎటు నుంచి ఎటు, ఇంట్లో ఎవరెవరు ఉండగా అన్నవన్నీ అందులోనే ఉన్నాయి.

తర్వాత ఒకతను దొరికాడు. బూటు అడుగు గాడిలో తెల్లటి పొడి ఉంది. ఇల్లు సున్నం వేయించాను, అది సున్నం అన్నాడు. ఆ ఇంట్లో ముగ్గు బియ్యప్పిండితో వేస్తారు. పిండి మీద అయోడిన్ చుక్క పడితే నీలంగా మారుతుంది, మీరు ఇంటర్ ల్యాబ్‌లో చేసే ఉంటారు. సున్నం మారదు. బూటు పొడి నీలమైంది. అయితే ఇక్కడ జాగ్రత్తగా వినండి. అది ఆ ఇంటి పిండే అని అయోడిన్ చెప్పలేదు. అది పిండి అని మాత్రమే చెప్పింది, సున్నం అన్న మాట నిజం కాదని చెప్పింది. అంతవరకే మేం రిపోర్టులో రాశాం. అతన్ని కోర్టు దాకా తీసుకెళ్లింది బూటు అచ్చు, బీరువా మీది వేలిముద్ర.

ఆ ముసలమ్మను నేను చాలా శిక్షణ తరగతుల్లో తలచుకున్నాను. మేం స్కూళ్లలో నేర్పేది ఆమెకు ముందే వచ్చు. తన వాకిలి మామూలుగా ఎలా ఉంటుందో పూర్తిగా తెలుసు కాబట్టి తేడా వెంటనే కనబడింది. గొల్లకురుమ అన్నలు నూరు గొర్రెల్లో తమ గొర్రెను మొహం చూసి చెబుతారు. గౌడన్న చెట్టు కింద నిలబడి మోకు జాడ చూసి ఎవరెక్కారో చెబుతాడు. మామూలు ఎలా ఉంటుందో తెలియనివాడికి తేడా ఎప్పుడూ కనబడదు.

ఇక మేం చేసే పని కొంచెం దగ్గరగా చూపిస్తాను. లోపలున్న మనిషి బతికి ఉన్నాడేమో చూసి ప్రాణం కాపాడటం అన్నిటికంటే ముందు. అది అయ్యాక, ఘటనా స్థలానికి వెళ్లగానే మా మొదటి పని గుమ్మం దగ్గర ఆగి చేతులు వెనక్కి కట్టుకోవడం. ఇదిగో, ఇలా. ఈ చేతులు ఊరుకోవు. పడ్డ గ్లాసు నిలబెట్టాలనిపిస్తుంది, కారుతున్న కుళాయి కట్టేయాలనిపిస్తుంది, చనిపోయిన మనిషి మీద దుప్పటి కప్పాలనిపిస్తుంది. జాలి కూడా సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. మన పల్లెల్లో శవాన్ని తీసుకెళ్లగానే ఇల్లు కడిగి అలుకు చల్లుతారు. ఆచారం, దాన్ని తప్పు పట్టను. పోలీసులు వచ్చేదాకా ఆగమని ఎవరైనా ఒకరు చెప్పగలిగితే చాలు. ఆ ఒక్కరు మీలో ఒకరు కావాలి.

టార్చి ఎలా వాడాలో చూడండి. అందరూ ఇలా పైనుంచి కిందికి వేస్తారు. గచ్చు మీద ఏమీ కనబడదు. టార్చిని నేల మీద పడుకోబెట్టండి. వెలుగు నేలను రాసుకుంటూ పోవాలి. లైటు తీసేయండి బాబూ, ఒక్క నిమిషం. ఆ... చూడండి. ఈ వేదిక మీద పొద్దున్నుంచి ఎంతమంది నడిచారో, ఎవరి బూటు అడుగు గళ్లది, ఎవరిది గీతలది, అంతా లేచి నిలబడింది. దుమ్ము రేణువు ఎంత చిన్నదైనా పక్క వెలుగులో దానికో నీడ ఉంటుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు వేయిస్తంభాల గుడి శిల్పాలు నిండుగా కనబడేది కూడా ఇందుకే. లైటు వేసేయండి.

ఫొటోల సంగతి క్లుప్తంగా. దూరం నుంచి నాలుగు దిక్కులా, తర్వాత మధ్య దూరం, తర్వాత దగ్గర నుంచి పక్కన స్కేలు పెట్టి. ఏమీ లేదనిపించిన వైపు కూడా తీయాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పని పడుతుంది. రఫ్ స్కెచ్‌లో ఉత్తర దిక్కు, కదలని రెండు గుర్తుల నుంచి కొలతలు. రక్తం అంటిన బట్టను నీడలో ఆరబెట్టి కాగితం కవర్లోనే పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే తడికి బూజు పట్టి, ల్యాబ్‌కు చేరేసరికి పనికిరాకుండా పోతుంది.

అన్నిటికంటే కష్టమైనది రాయడం. నేను దీని మీదే ఎక్కువసేపు మాట్లాడాలని వచ్చాను.

పోలీసు పంచనామాలు చదివితే ఒక మాట విచిత్రంగా అనిపిస్తుంది. "పసుపు రంగు లోహపు గొలుసు" అని రాస్తారు. బంగారు గొలుసు అనరు. ఎందుకు? అది బంగారమో, రోల్డ్ గోల్డో మనం పరీక్ష చేయలేదు. కంటికి కనబడింది పసుపు రంగు, లోహం. అంతే రాయాలి. కాని అదే పంచనామాలో రెండు లైన్ల కింద "రక్తపు మరకలు" అని ఉంటుంది. గొలుసు దగ్గర చూపిన జాగ్రత్త మరక దగ్గర పోయింది. "ఎరుపు, గోధుమ రంగు కలిసిన మరక, రూపాయి బిళ్లంత, అంచులు ఎండి ఉన్నాయి" అని రాయాలి. ఒకసారి తెల్ల చొక్కా మీద ఎర్ర మరకలు చూసి ఊరంతా రక్తం అన్నారు. కూర ఒలికిన చొక్కాను సబ్బుతో ఉతుకుతూ మధ్యలో వదిలేశారు. పసుపు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. మన ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే, ఆ చొక్కాను ముందుగా ఒక అమ్మకు చూపించి ఉంటే సరిపోయేది.

"తాగి పడేసిన పురుగుమందు డబ్బా" అని రాస్తారు. తాగాడని ఎవరు చెప్పారు? "మూత లేని డబ్బా, పక్కకు పడి ఉంది, అడుగున కొంత ద్రవం ఉంది, మూత కనబడలేదు" అని రాస్తే, మూత ఎక్కడ అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. మాట ఒకటి ముందే పడితే ప్రశ్నలు పుట్టవు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే లేనిది కూడా కనబడుతుంది.

ముందు పడ్డ మాట మనిషి కన్నును ఎంత మారుస్తుందో 2006లో ఇటియల్ డ్రోర్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. ఐదుగురు అనుభవజ్ఞులైన వేలిముద్రల నిపుణులను తీసుకున్నారు. వాళ్లే కొన్నేళ్ల కిందట కేసుల్లో 'కలిశాయి' అని తేల్చిన ముద్రలను, అవి తమవేనని తెలియకుండా, మళ్లీ చూపించారు. ఈసారి ఒక మాట చెప్పి ఇచ్చారు, ఇవి పొరపాటున కలిశాయని అనుకున్న ఫలానా ప్రసిద్ధ కేసు ముద్రలు అని. ఐదుగురిలో నలుగురు తమ నిర్ణయం మార్చుకున్నారు. ముద్ర మారలేదు, గీత మారలేదు. చెవిలో పడ్డ మాట మారింది.

మనకు ఇక్కడే ఇంకో చేదు గుర్తు ఉంది. 2020 మే నెలలో గొర్రెకుంట బావి. 21న నాలుగు శవాలు, మర్నాడు ఐదు. లాక్‌డౌన్ రోజులు, వలస కుటుంబం, పని లేదు. మొదట అందరి నోటా ఆత్మహత్య అన్న మాటే. చివరికి తేలింది తొమ్మిది హత్యలు. అన్నంలో నిద్రమాత్రలు కలిపి బావిలో పడేశాడు ఒక్కడు. అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు దోషి అని తీర్పు చెప్పింది. మొదటి మాట దగ్గరే అందరూ ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

పుస్తకంలో చదివిన మాట కూడా ఇలాగే అడ్డొస్తుంది. చనిపోయాక ఒళ్లు గంట గంటకూ చల్లబడుతుంది, దాన్నిబట్టి సమయం లెక్కకట్టొచ్చు అని ఉంటుంది. ఆ లెక్కలు చలి దేశాల్లో కట్టినవి. మే నెలలో రామగుండంలో గాలి వేడి 45 డిగ్రీలు, మనిషి ఒంటి వేడి 37. ఇంక చల్లబడేది ఎక్కడ? శవం బిగుసుకోవడం, మళ్లీ సడలడం కూడా ఎండాకాలంలో తొందరగా అయిపోతాయి. అందుకని గదిలోకి వెళ్లగానే ఫ్యాను తిరుగుతోందా, కిటికీ తెరిచి ఉందా, కూలర్‌లో నీళ్లున్నాయా అన్నవి ముందు రాసుకుంటాం. డాక్టర్ గారు మార్చురీలో చూసే శవానికి ఆ గది ఉండదు. గదిని మా కాగితమే ఆయన దగ్గరికి మోసుకెళ్లాలి.

మన దేశం గురించి ఒక గర్వపడే సంగతి కూడా చెప్పాలి. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడదీసి వెతికే పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన అధికారుల మెదడు ఉంది. పేరు మాత్రం పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఆ రోజుల్లోనే జల్పాయ్‌గురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. ఆయన పెట్టెలో ఉన్న బెంగాలీ పంచాంగం మీద రెండు గోధుమరంగు మరకలు కనబడ్డాయి. ఒకదానిలో బొటనవేలి గీతలు ఉన్నాయి. అంతకుముందు ఆ ఇంట్లో పనిచేసి దొంగతనంలో శిక్షపడ్డ ఒకడి ముద్రతో అవి కలిశాయి. కోర్టు ఏం చేసిందో తెలుసా? దొంగతనానికి శిక్ష వేసింది, హత్య నేరం కొట్టేసింది. వేలిముద్ర చెప్పేది ఇతను ఆ పంచాంగం ముట్టుకున్నాడని. చంపాడని అది చెప్పదు. ఆ తీర్పు మీద నాకు చాలా గౌరవం. సాక్ష్యం ఎంత చెప్పిందో అంతే విన్నారు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అమల్లోకి వచ్చింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి, సాక్ష్యాలు సేకరించడాన్ని వీడియో తీయించాలి. ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువుంది. అంటే ఈ పనికి చాలామంది కావాలి. కెమిస్ట్రీ, జువాలజీ, బోటనీ చదివే మీలాంటివాళ్లే కావాలి. మన వరంగల్‌లోనే ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. కెమెరా వచ్చింది కదా, ఇంక కన్నుతో పనేముంది అనుకోకండి. ఎందుకో ఆ బావి దగ్గరికి వెళ్లి చెబుతాను.

చెప్పులకు మట్టి లేదు, ఇది హత్య అని నేను నిర్ణయించుకున్నానన్నాను కదా. ఆ తర్వాత నేను వెతికినదంతా హత్య కోసమే. గట్టు మీద పెనుగులాట గుర్తులు వెతికాను. షావుకారు గురించి అడిగాను. బావి నీళ్లు ఒక సీసాలో పట్టాను, అది మంచి పనే చేశాను. మునిగి చనిపోయినవాళ్ల ఎముక మూలగలో ఆ నీటిలోని డయాటమ్‌లు, అంటే కంటికి కనబడని గాజు పెంకు నాచు, దొరకొచ్చు. పోల్చడానికి అదే బావి నీళ్లు కావాలి. అలవాటు కొద్దీ నాలుగు దిక్కులా ఫొటోలు తీశాను.

పోస్టుమార్టంలో ఊపిరితిత్తుల్లో నీళ్లున్నాయని తేలింది. నీళ్లలో పడేటప్పటికి ప్రాణం ఉండి ఉండొచ్చు. దూకినా అంతే, తోసినా అంతే. డాక్టర్ గారు చేతులు చూస్తున్నారు. రాత్రంతా నీళ్లలో నానిన చెయ్యి తెల్లగా, ముడతలు పడి ఉంటుంది, అందులో ఏమున్నా కలిసిపోతుంది. ఆయన కుడి చూపుడు వేలును అలాగే పట్టుకుని, భూతద్దం తెప్పించుకుని, నన్ను రమ్మన్నారు. పెసరగింజంత గుంట. నడుమ పాలిపోయి, చుట్టూ అంచు లేచి ఉంది. "స్టార్టర్ డబ్బా చూశారా?" అని అడిగారు.

నేను చూడలేదు.

మర్నాడు పరుగున వెళ్లాం. డబ్బా మూసి ఉంది. తీగకు పాలిథిన్ కవర్ చుట్టి ఉంది. ఆ మోటారు ఇద్దరు పాలివాళ్లది, పక్క రైతు తన వంతు నీళ్ల కోసం బాగు చేసుకున్నాడు, అతనికి ఏం తెలుసు. నా గుండె జారిపోయింది. వరంగల్ వచ్చి మొదటిరోజు ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. ఉత్తరం వైపు నుంచి తీసిన దూరపు ఫొటోలో, ఎడమ అంచున, కర్రకు కొట్టిన స్టార్టర్ డబ్బా. తలుపు తెరిచి ఉంది. ఒక తీగ బయటికి వేలాడుతోంది. పెద్దది చేయిస్తే తీగ పైతొడుగు ఊడి రాగి మెరుస్తోంది. ఆ డబ్బా నుంచి పిట్టగోడ లేని బావి అంచుకు రెండు అడుగులు. తడి నేల, ఒట్టి కాళ్లు. కరెంటు కొట్టి బావిలో పడ్డాడు. నేను ఆ డబ్బా ఎదురుగా నిలబడి ఫొటో తీశాను. కెమెరా చూసింది, నేను చూడలేదు. నేను హత్యను వెతుకుతున్నాను, ఆ స్కాన్లో గొరిల్లాను చూడని డాక్టర్లలాగే.

మరి చెప్పులు? అప్పుడు వెళ్లి ఇంట్లోవాళ్లను నెమ్మదిగా అడిగాను, మొదటిరోజే అడగాల్సిన మాట. భార్య చెప్పింది, వాన పడితే ఆయన చెప్పులు ఇంట్లో వదిలి ఒట్టి కాళ్లతోనే పోతాడు, రేగడిలో చెప్పులు దిగబడతాయి అని. తలుపు పక్కన నిలబడ్డ చిన్న కొడుకు, తొమ్మిదేళ్లుంటాయి, అప్పుడు నోరు విప్పాడు. తెల్లారినా నాయన రాలేదని వెతుక్కుంటూ పోయాడట. వచ్చేటప్పుడు నాయనకు ముళ్లు గుచ్చుకోకుండా చెప్పులు చేతిలో పట్టుకుపోయాడు. గట్టు మీద పెట్టి, నాయనా అని పిలిచాడు. పలకలేదు. భయమేసి ఇంటికి ఉరికొచ్చాడు. అంతమంది పెద్దవాళ్లలో వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు.

నేను చూసింది నిజమే. చెప్పులు వేసుకుని అతను రాలేదు, మరెవరో తెచ్చి పెట్టారు. అక్కడి దాకా ప్రతి అక్షరం నిజం. ఆ తర్వాతి మాట నేను చేర్చింది.

ప్రమాదం అని రిపోర్టు వెళ్లింది. కొన్నాళ్లకు ఆ తల్లి కొడుకును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. పరిహారం గురించి అడుగుతుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే. "ఆయన సావాలనుకోలే గద సారూ? కాయితంల అట్లనే రాసిండ్రు గద?" అట్లనే రాశామమ్మా అన్నాను. ఆ లైను నన్ను చదివి వినిపించమంది. వినిపించాను. ఇంకోసారి చదవమంది, ఈసారి కొడుకును ముందుకు నిలబెట్టింది.

సరే. ఇప్పుడు ఆ పక్క గదిలో ఒక బల్ల సర్దిపెట్టాను. టీ కప్పు, తాళంచెవి, చిరిగిన బస్సు టికెట్టు, ఇంకా కొన్ని. పది మంది చొప్పున వెళ్లండి, చేతులు వెనక్కి కట్టుకుని రెండు నిమిషాలు నిలబడండి, బయటికి వచ్చి ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద రాయండి. టార్చి ఇక్కడే ఉంది, కావాల్సినవాళ్లు తీసుకెళ్లవచ్చు.